పేర్ల వరుస

ఎజ్రా పేరు ఎదురుగా ఐదు పాయింట్ ఆరు ఉంది.

స్వర్ణ చీర కొంగుతో ట్యాబ్ తుడిచి మళ్ళీ చూసింది. ఎండ పడి అలా కనిపించిందేమోనని చెయ్యి గొడుగులా అడ్డం పెట్టి చూసింది. అదే అంకె. పక్కన మొగుడి పేరు, ముందు ఇంటిపేరుతో సహా. ట్యాబ్‌ను అరుగు మీద బోర్లా పెట్టింది.

ఉద్దానంలో ఈ అంకెలు ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. నెత్తురు పరీక్షలో ఒకటికి కాస్త అటూ ఇటూ ఉంటే కిడ్నీలు పని చేస్తున్నట్టు. రెండు దాటితే ఆ ఇంట్లో గొంతులు తగ్గుతాయి. ఐదు దాటితే చుట్టాలు పళ్ళు పట్టుకుని చూడటానికి వస్తారు. "నీకెన్ని పాయింట్లు?" అని జీడితోటల గట్ల మీద మగాళ్ళు వానల గురించి అడిగినట్టే ఒకళ్ళనొకళ్ళు అడుగుతారు. స్వర్ణ తండ్రి ఏడు దాకా వెళ్ళి ఆగాడు.

మెరకపేటలో ఆమె ఆశా కార్యకర్త. కిందటి నెల ఏదో ట్రస్టువాళ్ళు వచ్చి బడి వరండాలో క్యాంపు పెట్టి, పెద్దవాళ్ళందరి నెత్తురూ తీసుకెళ్ళారు. ఎవరి సీసా ఎవరిదో తెలియడానికి మనిషికో చీటీ. ఆ చీటీల మీద వరుస అంకెలు స్వర్ణే తన చేత్తో వేసి పంచింది. ఫలితాలు ఆమె ట్యాబ్‌కు పంపారు, గళ్ళుగళ్ళుగా ఉండే ఫైలు. మొదటి గడిలో వరుస అంకె, రెండో గడిలో పేరు, మూడో గడిలో పాయింట్లు. ఇంటింటికీ వెళ్ళి ఎవరిది వారికి చెప్పి, ఎక్కువున్న వాళ్ళను మంగళవారం వచ్చే బండిలో పెద్దాసుపత్రికి ఎక్కించాలి. అదీ ఆమె పని.

ఫైలు వచ్చినప్పుడు పేర్లన్నీ నెత్తురిచ్చిన వరుసలో ఉన్నాయి. ఒక ఇంటి అన్నదమ్ములే ఒకడు పైన, ఒకడు ఎక్కడో అడుగున. మెరకపేటలో ఒక ఇంటిపేరు వాళ్ళంతా ఒక వరుసలో ఉంటారు. దున్నవారి వీధి, మడ్డువారి వీధి, చివర్న చర్చి పక్కన తామాడవారు. ఈ జాబితా పట్టుకు తిరిగితే ఒక్కో వీధికి పదిసార్లు తిరగాలి. అందుకని స్వర్ణ పేర్ల గడి నెత్తిన వేలు నొక్కిపెట్టి, అది నీలంగా మారాక, అక్షరాల వరుసలో పేర్చమని నొక్కింది. చిటికెలో దున్నవారంతా ఒకచోటికి, మడ్డువారంతా ఒకచోటికి చేరారు. ఎవరూ నేర్పకుండా తానే కనిపెట్టిన పని. ఆ పూట ఆమెకు కాస్త గర్వంగా కూడా అనిపించింది.

తమ ఇంటి పేర్లు మాత్రం చూడలేదు. అవి వచ్చే చోట బొటనవేలు అడ్డం పెట్టుకుని కిందికి జరిపేసేది. ఊరంతా అయ్యాక చూద్దాంలే అనుకుంది. ఊరంతా అయింది. చూసింది.

ఆ సాయంత్రం ఎజ్రా ఆటో గుమ్మం ముందు ఆపి, కాళ్ళు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాడు. పప్పు కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

"ఏటే ఇది? ఉప్పెయ్యడం మర్సిపోనావా, ఇంట్లో ఉప్పయిపోనాదా?"

"ఉప్పు ఎక్కువ తినకూడదంట. క్యాంపులో చెప్పారు."

"క్యాంపోలకేటి, రేపు గాలి పీల్సొద్దంటారు. నాలుగు ఎండు నెత్తళ్ళు ఏయించు, ఇది దిగదు."

"నెత్తళ్ళు లేవు."

"పొద్దున్న డబ్బాలో సూసేను గదే!"

"పిల్లి తినేసింది."

ఎజ్రా ఆమె ముఖంలోకి చూసి నవ్వాడు. "డబ్బా మూత తీసి, తిని, మల్లీ మూతెట్టిన పిల్లి. దానికి ఆటో తోలడం నేర్పించీవచ్చు." మజ్జిగ పోసుకుంటూ అన్నాడు, "నా పాయింట్లెన్నో సెప్పవేటి? ఊరందరికీ సెప్పుకొస్తన్నావు, మొగుడు లోకువయిపోనాడా?"

స్వర్ణ పొయ్యి వైపు తిరిగింది. ఆరిపోయిన పొయ్యిలో బూడిదను పుల్లతో కదిపింది.

"నీది ఇంకా రాలేదు."

"మంచి నెత్తురైతే లేటవుతాది మరి. పతకం గానీ సేయిస్తన్నారేటో."

అతను చెయ్యి కడుక్కుంటుంటే ఆమె కాళ్ళ వైపు చూసింది. చీలమండల దగ్గర వాపుందా? చెప్పుల పట్టీ నొక్కిన గుర్తు అంత లోతుగా ఎప్పుడూ ఉండేదా? కళ్ళ కింద ఉబ్బు ఈరోజుదా, ఎప్పటిదా? పదిహేనేళ్ళు పక్కన పడుకున్న మనిషి ఒళ్ళు ఆమెకు కొత్తగా, పరాయిగా కనిపించింది. చెప్పాలి. ఎలాగూ మంగళవారం బండి ఎక్కించాలి. కానీ చెప్పిన తరవాత ఈ నవ్వు ఉండదు. దాన్ని ఇంకొక్క రోజు ఉండనిద్దామనుకుంది. మర్నాడు కూడా అలాగే అనుకుంది.

శుక్రవారం పొద్దున్న ఏసమ్మ కబురు పెట్టింది. ఏసమ్మ ఎజ్రాకు అక్క, స్వర్ణకు వదిన. చర్చి పక్క సందులో ఒక్కర్తే ఉంటుంది. మొగుడు సత్యానందం కిడ్నీలు పాడయ్యే పోయాడు. పలాస నుంచి వచ్చే జీడిపిక్కలు కొట్టి, పొట్టు తీసి ఇస్తూ బతుకుతోంది.

స్వర్ణ వెళ్ళేసరికి వదిన గోనెసంచి మీద కాళ్ళు చాపుకుని, చేతులకు బూడిద రాసుకుని పిక్కలు కొడుతోంది. ఒక చేత్తో పిక్క నిలబెట్టి, రెండో చేత్తో కర్ర ఎత్తి, ఒకే దెబ్బ. పెంకు రెండుగా విడిపోయి, లోపలి పప్పు విరగకుండా గుండుగా బయటపడింది. పెంకుల్లోని జీడి నూనె కారి కారి ఆమె వేళ్ళు నల్లగా, తోలు చెప్పుల్లా గట్టిపడ్డాయి. రేషన్ షాపు మిషను మీద ఆ వేలిముద్ర ఎప్పుడూ పడదు. "దేవుడి పుస్తకంలో పడతాదో నేదో" అని నవ్వుతుంది ఏసమ్మ.

"రాయే పిల్లా. ఏటలగ పీక్కుపోనావు? నీ కాడ ఎవలైనా అరువు తీసుకున్నారేటి ముకం?"

"ఎండలో తిరుగుతున్నాను కదా వదినా."

"రేపు సాయంత్రం మనింట్లో కృతజ్ఞత కూడిక. పాస్టరుగారితో సెప్పేసేను. పెంచిన కోళ్ళు మూడున్నాయి, కోసీస్తాను. చర్చోలనే కాదు, దున్నోల వీధీ, మడ్డోల వీధీ అందర్నీ పిలిసేను. ప్రార్థనకి రాకపోనా అన్నానికి వస్తారు గదా." ఇంకో పిక్క నిలబెట్టింది. "నువ్వు నా పాయింట్లు సెప్పిన కాడ్నించీ రాత్రుళ్ళు నిద్ర పడతంది నాకు. మీ అన్నయ్య పోయింతర్వాత నా వంతే అనుకున్నాను. సున్నా పాయింట్ ఎనిమిదన్నావు! దేవుడు పిల్లకి పెట్టినట్టు పెట్టేడు నాకు. రేపు నువ్వు లేసి సాక్ష్యం సెప్పాల. నీ నోటంటే గదా విన్నాను."

స్వర్ణ తల ఊపింది. వదిన ఇంట్లో కృతజ్ఞత, తమ ఇంట్లో ఐదు పాయింట్ ఆరు. అసూయ అని పేరు పెట్టుకోవడానికి కూడా భయమేసే చేదు ఒకటి గొంతులోకి వచ్చింది.

ఏసమ్మ నడుము పట్టుకుని లేచి, గూట్లోంచి మందుబిళ్ళల అట్ట తీసి ఒకటి నోట్లో వేసుకుంది. కీళ్ళనొప్పుల బిళ్ళ. అది కిడ్నీలకు మంచిది కాదని క్యాంపుకు ముందు మానిపించింది స్వర్ణే. పాయింట్లు చెప్పిన రోజున "ఇంక ఏసుకోవచ్చా?" అని వదిన చిన్నపిల్లలా అడిగితే, "ఒకటీ అరా వేసుకో వదినా" అన్నదీ స్వర్ణే.

ఎదురింటి అరుగు మీద మంచం వాల్చి ఉంది. దాని మీద అసిరయ్య, గోడ వైపు తిరిగి. నాలుగు పాయింట్లని స్వర్ణ చెప్పి వచ్చిన మధ్యాహ్నం నుంచి అతను మంచం దిగలేదు. పెళ్ళాం దేముడమ్మ గిన్నె పట్టుకుని పక్కన నిలబడి ఉంది.

"గంజైనా తాగవేటి? నీ కోసం నాను తాగితే నీకు బలం వస్తాదేటి?"

అసిరయ్య కదల్లేదు.

శనివారం పొద్దున్న స్వర్ణ బట్టలు ఉతకడానికి కూర్చుంది. ఎజ్రా కాకీ చొక్కా జేబులు తడిమితే ఒక బీడీ ముక్క, పెట్రోలు రసీదు, దాంతోపాటు నాలుగు మడతలు పెట్టిన చీటీ చేతికొచ్చాయి. క్యాంపు చీటీ. పారేయబోతూ విప్పింది. దాని మీద తన చేతిరాతలో పదిహేడు అని ఉంది.

సబ్బు చెయ్యి అలాగే ఆగిపోయింది. ట్యాబ్‌లో ఎజ్రా పేరు పక్కన ఉన్న వరుస అంకె నలభై ఒకటి. ఈ మూడు రోజుల్లో ఆ వరుసను ఎన్నిసార్లు చూసిందో, కళ్ళు మూసుకున్నా కనిపిస్తుంది. నలభై ఒకటి, ఎజ్రా, ఐదు పాయింట్ ఆరు.

చేతులు పావడాకు తుడుచుకుని, ట్యాబ్ తీసుకుని రోడ్డు మీది కల్వర్టు దాకా దాదాపు పరిగెత్తింది. ఊళ్ళో నెట్ అందేది అక్కడే. తుపానుకు కూలిన కొబ్బరిచెట్ల మొదళ్ళు రోడ్డు పక్కన ఇంకా అలాగే పడి ఉన్నాయి. ఒక మొదలు మీద కూర్చుని ట్రస్టువాళ్ళు మొదట పంపిన ఫైలు మళ్ళీ దించుకుంది. గుండ్రంగా తిరిగే గీత తిరుగుతూనే ఉంది. అది ఆగేలోగా ఆమె దేవుణ్ణి ఏమడగాలో తెలియక ఊరికే "ప్రభువా, ప్రభువా" అంటూ కూర్చుంది.

తెరుచుకుంది. పదిహేడు దగ్గర ఎజ్రా పేరు. సున్నా పాయింట్ తొమ్మిది.

స్వర్ణ పెద్దగా ఏడ్చేసింది. దారిన పోతున్న ఆవులు తల తిప్పి చూశాయి. ముక్కు చీదుకుని మళ్ళీ చూసింది. ఇప్పుడు అంతా అర్థమైంది. నీలంగా మారింది పేర్ల గడి ఒక్కటే. ఆమె పేర్చింది పేర్లను మాత్రమే. పాయింట్లు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. పంక్తిలో కూర్చున్న వాళ్ళను లేపి వేరే వేరే చోట్ల కూర్చోబెట్టి, వడ్డించిన విస్తళ్ళను మాత్రం జరపకుండా వదిలేసినట్టు. ఒకరి విస్తరి ముందు ఇంకొకరు. ఊరంతా.

ఏడుపు అక్కడే ఆగింది. ఐదు పాయింట్ ఆరు ఎజ్రాది కాకపోతే మరెవరిది?

వేలు ముందుకు సాగలేదు. చూడకపోతే ఎవరిదీ కాదన్నట్టు కాసేపు తెర మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చుంది. తరవాత మెల్లగా జరిపింది. నలభై ఒకటి. తామాడ ఏసమ్మ.

అక్కడి నుంచే పర్యవేక్షకురాలు రాజకుమారి మేడంకు ఫోన్ చేసింది. జరిగిందంతా చెప్పింది. తరవాత గొంతు తగ్గించి ఆవిడ అంది:

"ఈ మాట ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు మేడం."

"చెప్పకు. ల్యాబువాళ్ళు తప్పు జాబితా పంపారు, మళ్ళీ సరైనది వచ్చింది అని చెప్పు. అంతే. నువ్వే కలిపేశావని తెలిస్తే నిన్ను ఉంచరు స్వర్ణా. ఊరివాళ్ళు ఊరుకుంటారా? నీ మంచికే చెప్తున్నాను."

ఆవిడ చెడ్డ మనిషి కాదు. స్వర్ణకు అది తెలుసు. ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట చెవిలో చల్లగా, హాయిగా ఉంది. ల్యాబు. ఎక్కడో విశాఖపట్నంలో, ముఖం లేని ల్యాబు. దాన్ని ఎవరు తిట్టినా దానికి వినిపించదు.

మధ్యాహ్నం ఏసమ్మ పెరట్లో ముగ్గురు ఆడవాళ్ళు ఉల్లిపాయలు తరుగుతున్నారు. వదిన పొయ్యి ముందు కూర్చుని కోడిమాంసం కలియబెడుతోంది. మసాలా వాసన సందు చివరిదాకా వస్తోంది. స్వర్ణ కొట్టం పక్కన నిలబడి రెండుసార్లు నోరు తెరిచింది. ఒకసారి ఎవరో గరిటె అడిగారు. ఇంకోసారి ఏసమ్మే, "ఉప్పు సూడవే" అని అరచేతిలో పులుసు బొట్టు వేసింది. నాకింది. ఉప్పో కారమో తెలియలేదు.

ఆడవాళ్ళు నీళ్ళకు వెళ్ళారు.

"వదినా, ఆ బిళ్ళలు ఇంక వేసుకోకు."

"మొన్నే గదే ఏసుకోమన్నావు?"

స్వర్ణ ఆమె పక్కన మట్టిలో కూర్చుంది. చెప్పింది. పేర్లు ఎలా కదిలాయో, అంకెలు ఎలా కదల్లేదో విస్తళ్ళ పోలికతోనే చెప్పింది. వదిన పాయింట్లే ఎజ్రా పేరు పక్కన పడ్డాయంది. ఎన్నంటే, వేళ్ళు చూపించింది. ఐదు వేళ్ళు.

ఏసమ్మ గరిటె తిప్పుతూనే ఉంది. పులుసు ఉడికి గిన్నె అంచు మీదికి పొంగింది. అప్పుడు మంట కింది నుంచి ఒక కట్టె బయటికి లాగి, నేల మీద రాసి ఆర్పింది.

"నీ నోటితోనే గదే బాగున్నావన్నావు."

"అవును వదినా."

"అదే నోరు."

"అవును."

కొడుతుందేమోనని స్వర్ణ ఎదురు చూసింది. కొడితే బాగుండుననిపించింది. చివరికి ఏసమ్మ నిప్పుల్లోకి చూస్తూ అడిగింది.

"మరి ఎజ్రాకి?"

"ఏమీ లేదు. బాగున్నాడు."

"ఆడిదనుకుని మూడు దినాలు నువ్వొక్కదానివే మోసేవేటి?"

స్వర్ణ తలొంచుకుంది.

"ఊళ్ళో ఎంతమందికి తప్పు సెప్పేవు?"

"అందరికీ వదినా. మేడం ల్యాబు మీద పెట్టేమంది."

ఏసమ్మ కొంగుతో మూతి తుడుచుకుని లేచింది. నడుం పట్టేసి సగంలో ఆగితే, స్వర్ణ భుజం మీద చెయ్యి వేసి నిలబడింది.

"ఈ వాడలన్నీ తిరిగి నాను పిలిసేను గదే అందర్నీ. ఇంకెప్పుడు దొరుకుతారు నీకు ఒక్కసోట? ముకం కడుక్కో."

పొద్దు వాలుతుండగా జనం వచ్చారు. చర్చివాళ్ళు చాపల మీద, దున్నవారూ మడ్డువారూ అరుగు మీదా సందులోనూ. పాస్టరుగారు చిన్న ప్రార్థన చేశాక ఏసమ్మ లేవలేదు. "స్వర్ణా" అని పిలిచింది, అంతే.

స్వర్ణ ట్యాబ్‌ను గుండెకు అదుముకుని నిలబడింది. ముందు వరుసలో దేముడమ్మ. గుమ్మం దగ్గర ఎజ్రా, ఆమె సాక్ష్యం చెప్పబోతుంటే వేళాకోళానికి దగ్గుతూ. ఎన్ని క్యాంపులు వచ్చాయి ఈ ఊరికి, ఎంత నెత్తురు పట్టుకెళ్ళారు. ఈసారైనా ఇవ్వండని ఇంటింటికీ తిరిగి బతిమాలింది తనే. ల్యాబుదే తప్పంటే రేపు ఎవరు చెయ్యి చాపుతారు?

"ల్యాబువాళ్ళు..." అంది. అక్కడ ఆగింది. అందరూ చూస్తున్నారు. "ల్యాబువాళ్ళు సరిగ్గానే పంపారు. నేనే పేర్లు కలిపేశాను. మీకు నేను చెప్పిన పాయింట్లు మీవి కావు."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒక్కసారిగా లేచారు.

"మరి మా ముసిలోడికి నాలుగన్నావు?" దేముడమ్మ కేక.

"అసిరయ్యబాబుకి ఏమీ లేదమ్మా. బాగున్నాడు."

"మూడు దినాలై ముద్ద ముట్టలేదే ఆడు! నీ సేతులు ఇరిగిపోనూ! నీ పెట్టె పగిలిపోనూ!" తిడుతూనే ఆమె జనాన్ని తోసుకుని సందులోకి పరిగెత్తింది. "ఒరే ముసిలోడా, లెగరా!" అని అరుపు వీధిలోంచి వినిపించింది.

"ఇప్పుడు సెప్పీదైనా నిజమని ఏటి గేరంటీ?" అరుగు మీంచి ఎవరో అడిగారు.

"మీ చీటీలుంటే తెండి. చీటీ మీది అంకె, దీంట్లో అంకె, మీరే పోల్చి చూసుకోండి. పారేసుకున్నవాళ్ళకు మళ్ళీ నెత్తురు తీయిస్తాను. ఒక్కొక్కరూ ఆ మూలకి రండి, ఎవరిది వాళ్ళకే చెప్తాను."

జనం కదిలారు. కొందరు తిట్టుకుంటూ ఇళ్ళకు వెళ్ళి, దేవుడి పటాల వెనక నుంచీ చుట్టల పెట్టెల్లోంచీ చీటీలు వెతుక్కొచ్చారు. ఎజ్రా జనంలోంచి తోసుకుని ఆమె పక్కకు వచ్చాడు.

"అయితే నీ పుస్తకంలో నాను సచ్చిపోతన్నానేటే? అందుకేనా నెత్తళ్ళు పిల్లి తినీసింది?" గట్టిగా నవ్వబోయాడు. "మరి నాకు పెట్టిన పాయింట్లు ఎవలివి?"

స్వర్ణ ఏసమ్మ వైపు చూసింది. అతను ఆమె చూపు వెంట చూశాడు. నవ్వు ముఖం మీదే ఆగి, మెల్లగా రాలిపోయింది.

ఏసమ్మ చాప మీంచి లేచి వచ్చింది. బైబిలు తెరిచి, మధ్యలోంచి చీటీ తీసింది. మడత కూడా పడలేదు.

"నన్ను మూలకి పిలవక్కర్నేదు. ఇక్కడే సూపు."

ట్యాబ్ ఇద్దరి మధ్యా పట్టుకుంది స్వర్ణ. ఏసమ్మ నల్లటి వేలితో తెరను పైకి తోసింది. పేర్లు కదల్లేదు. ఇంకా గట్టిగా తోసింది. జీడికి కాలి కాలి గట్టిపడ్డ ఆ వేలు అద్దానికి తగిలినట్టే లేదు.

"ఇదీ నన్ను మనిసనుకోదు" అంది.

స్వర్ణ ఆ వేలిని తన వేలితో కలిపి పట్టుకుంది. రెండు వేళ్ళూ కలిసి పైకి జరిగాయి. నలభై ఒకటి దగ్గర ఆగాయి. ఏసమ్మ చీటీని అంకె పక్కన ఆనించి పెట్టి, తలవంచి, బడిపిల్ల పాఠం చూసినట్టు చాలాసేపు చూసింది. జనం దగ్గరికి జరిగి చుట్టూ నిలబడ్డారు.

"మంగళారం బండన్నావు గదూ?"

"నేనూ వస్తాను వదినా. నీతోనే ఉంటాను."

"ఆటోలో నాను తీసుకెల్తాను, బండెందుకు?" అన్నాడు ఎజ్రా.

"నువ్వు నోర్ముయ్‌రా. ముందా నెత్తళ్ళు తిను." ఏసమ్మ చీటీని మళ్ళీ బైబిల్లో పెట్టి మూసింది. స్వర్ణ వేలు ఇంకా ఆమె రెండో చేతిలోనే ఉంది. దాన్ని వదలకుండానే జనం వైపు తిరిగి అంది:

"ఏటలగ నిలబడిపోనారు? కూర సల్లారిపోతంది. కూకోండి, ఒడ్డిస్తాం."